ఫేయ్ వారి కోడలి రాతి తోరణం

షుచెన్‌ను శవపేటికలో పెట్టి మూత బిగించే ముందు పుట్టింటివాళ్ళు వచ్చి చూడాలి. మా ఫూజియాన్ తీరంలో ఎంత గొప్పవారింట్లోనైనా ఆ పద్ధతి తప్పదు. పుట్టింటివాళ్ళు చూసి సరేనంటేనే మేకులు దిగగొడతారు. అందుకే ఫేయ్ వారు కబురు పెట్టారు. షుచెన్ తల్లీ, అన్న దేకుయ్, అక్క గుయ్‌నియాంగ్ బయలుదేరారు. ఆ తల్లి అడుగు తీసి అడుగు వేయలేకపోతోందని, చెయ్యి పట్టుకుని నడిపించడానికి నన్నూ తీసుకెళ్ళారు. నేను బైషా రేవులో ఇల్లిల్లూ తిరిగి దారాలు, సూదులు, జడపిన్నులు అమ్ముకునేదాన్ని. అందరూ నన్ను దారాలత్త అనేవారు.

షుచెన్‌కు పద్దెనిమిదేళ్ళు. ఫేయ్ వారి పెద్దకొడుకును చేసుకుని ఏడాది తిరగకుండానే అతను విషజ్వరంతో పోయాడు. భర్త లేని బతుకు వద్దని ఆ పిల్ల అన్నం, నీళ్ళు మానేసిందనీ, ఎవరెంత బతిమాలినా వినలేదనీ, ఆ ఉదయమే ప్రాణం పోయిందనీ కబురు తెచ్చిన మనిషి చెప్పాడు.

పెద్ద చావడిలో తెల్లటి తెరలు కట్టి ఉన్నాయి. ఫేయ్ వంశానికంతటికీ పెద్ద, షుచెన్ మామగారు చోంగ్లీ, గడ్డం దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. షుచెన్ తల్లి పేటిక మీద పడి ఏడవబోతే ఆయన మెల్లగా ఆపాడు.

"ఏడవకండి వియ్యపురాలుగారూ. ఇది ఏడ్చే చావు కాదు. ఇలాంటి కూతుర్ని కన్నందుకు ఊరంతా మీకు దణ్ణం పెడుతుంది."

ఆయన భార్య తాన్ అమ్మగారు పక్కనే తల వంచుకుని నిలబడింది. ఇంటి తాళాలన్నీ ఆవిడ నడుముకే వేలాడుతుంటాయి. ఆ రోజూ వేలాడుతున్నాయి.

గుయ్‌నియాంగ్ చెల్లెలి జుట్టు చివరిసారి దువ్వుతానంది. ఎవరూ కాదనలేదు. దువ్వుతూ దువ్వుతూ కిందికి చూసింది. షుచెన్ రెండు చేతుల్నీ పొడుగు చొక్కా చేతుల్లోకి లాగి, చివర్లు తెల్ల పట్టుగుడ్డతో కట్టేశారు. అలా కట్టడం మా దగ్గర ఆనవాయితీ కాదు. గుయ్‌నియాంగ్ ఆ ముడి విప్పింది. నేను ఆమె భుజం వెనకనే ఉన్నాను, నేనూ చూశాను. గోళ్ళు సగానికి విరిగిపోయి ఉన్నాయి. వేళ్ళ కొసలు నల్లగా రక్తం గడ్డకట్టి ఉన్నాయి. విరిగిన గోళ్ళ సందుల్లో చెక్క పేళ్ళు గుచ్చుకుని ఉన్నాయి.

గుయ్‌నియాంగ్ ఆ చేతుల్ని తిరిగి చొక్కాలోకి జరిపింది. మళ్ళీ ముడి వేసింది. జుట్టు పాయ తీసి, పిన్ను గుచ్చి లేచి నిలబడింది. దేకుయ్ సరేనన్నాడు. మేకులు దిగాయి.

తిరిగి వచ్చేటప్పుడు పడవలో అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు నా ఎదురుగానే జరిగాయి.

"అన్నయ్యా, దాని చేతులు చూశావా?"

"చూడలేదు. నువ్వూ చూడలేదు."

"తలుపు గీకి గీకి చచ్చిపోయింది. గదిలో పెట్టి తాళం వేశారు. చావడానికి ఒప్పుకున్నదైతే తలుపెందుకు గీకుతుంది?"

"నోర్ముయ్. జిల్లా అధికారిగారు అప్పుడే మెచ్చుకుంటూ ఫలకం రాసి పంపారు. రాజధానికి అర్జీ వెళ్తోంది. పతివ్రత అని చక్రవర్తి పేరుమీద రాతి తోరణం లేస్తుంది. ఫేయ్ వారు నన్ను వాళ్ళ వంశపు బడిలో పంతులుగా పెట్టుకుంటామన్నారు. నువ్విప్పుడు కచేరీకెక్కుతావా? మగదిక్కు రాకుండా ఆడదాని ఫిర్యాదు ఎవడు తీసుకుంటాడు? నేను రాను."

గుయ్‌నియాంగ్ తల్లి వైపు చూసింది. ఆ తల్లి కొడుకు మొహం చూసింది, ఏటి వైపు తిరిగి కూర్చుంది. ఆ చలికాలం దాటకుండానే ఆవిడా పోయింది.

మరుసటేడు ఊరి మొదట్లో నల్లరాతి తోరణం లేచింది. స్తంభాల మీద సింహాలు, మేఘాలు, కొంగలు చెక్కారు. చక్రవర్తి ఉత్తర్వును పైన చెక్కారు. కింద 'ఫేయ్ వారి కోడలు' అని ఉంది. షుచెన్ పేరు ఎక్కడా లేదు. ఫేయ్ వారింటికి సర్కారుకు చేయాల్సిన వెట్టిచాకిరీ మాఫీ అయింది. పక్క ఊళ్ళవాళ్ళు పిల్లల్ని తెచ్చి ఆ తోరణం చూపించేవాళ్ళు.

గుయ్‌నియాంగ్ భర్త అంతకు ముందే తుఫానులో పడవతో సహా పోయాడు. పిల్లల్లేరు. ఆమె పెళ్ళిసంబంధాలు కుదిర్చే పని పట్టుకుంది. మాలాంటి ఊళ్ళో పరాయి మగవాడు గుమ్మం దాటడానికి లేదు, ఇంటి ఆడది గడప దాటడానికి లేదు. లోపలి గదుల్లోకి కాళ్ళు కడుక్కుని నేరుగా వెళ్ళగలిగేది పెళ్ళిళ్ళ పేరమ్మ, మంత్రసాని, నాలాంటి దారాలమ్మి మాత్రమే. ఆమెకు నోరుంది, జ్ఞాపకం ఉంది. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, ఏ కోడలికి ఏ అత్తతో పడదు, అన్నీ నోటికి వచ్చు.

ఒకసారి రేవు దగ్గర నత్తలు వలిచే ఆడవాళ్ళు ఆమెను ఆటపట్టించారు.

"ఏమమ్మా పేరమ్మా, నాకో కొత్త మొగుణ్ణి చూడవూ? ఉన్నవాడు గురకపెట్టి చంపుతున్నాడు."

"గురకపెట్టని మొగుళ్ళు నా దగ్గర చాలామంది ఉన్నారే. అందరూ కొండ మీద సమాధుల్లో ఉన్నారు. ఎవరు కావాలి?"

వాళ్ళు పగలబడి నవ్వారు. గుయ్‌నియాంగ్ కూడా నవ్వింది. ఆమె నవ్వితే చూడ్డానికి బాగుండేది.

పండగ వచ్చినప్పుడల్లా ఆమె తోరణం కిందికి వెళ్ళి అగరొత్తులు వెలిగించేది. పదిమందికీ వినపడేలా చెల్లెల్ని పొగిడేది. "నా చెల్లెలు పుట్టినింటికీ మెట్టినింటికీ పేరు తెచ్చింది. ఫేయ్ వారిల్లు కాబట్టి అంత నిష్ఠ నేర్పారు," అనేది. తాన్ అమ్మగారి చెవిన పడింది. మొదట్లో ఆవిడకు గుయ్‌నియాంగ్‌ను చూస్తే మొహం పాలిపోయేది. రెండు మూడేళ్ళు గడిచేసరికి టీ ఇచ్చి కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళకు గుయ్‌నియాంగ్ రాకపోతే కబురు పెట్టేది.

నాకు ఆమె కడుపులో ఉన్నది తెలుసు. ఒకసారి తోరణం దగ్గర్నుంచి వస్తుంటే అడిగాను.

"ఎందుకే ఇదంతా? నీ నోటితో ఆ మాటలు ఎలా వస్తున్నాయి?"

"ఒక్కో మాటా వాళ్ళ మెడకి కడుతున్నానత్తా. బరువెక్కనీ."

ఫేయ్ వారికి ఒక కూతురుంది. పేరు జిలాన్. షుచెన్ పోయేనాటికి ఏడేళ్ళది. చోంగ్లీకి ప్రాణం ఆ పిల్ల. బయటెక్కడా నవ్వని మనిషి, ఆ పిల్ల కోసం చేత్తో కాగితపు పక్షులు చేసి ఇచ్చేవాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి జిలాన్ ఎదిగింది. మెత్తటి పిల్ల. నా దగ్గర దారాలు కొనేటప్పుడు రంగులు ఎంచుకోలేక అన్నీ ఒళ్ళో పోసుకుని కూర్చునేది.

ఒకనాడు మధ్యాహ్నం నేనూ గుయ్‌నియాంగ్ దాని గదిలో ఉన్నాం. తాన్ అమ్మగారు వంటింట్లో ఉంది. జిలాన్ కుట్టుపని చేస్తూ, తల ఎత్తకుండా, గుయ్‌నియాంగ్‌తో అంది:

"పిన్నీ, మీరు మా వదినకి అక్క కదా. మీకొకటి చెప్పనా? ఎవరికీ చెప్పలేదు. నా చిన్నప్పుడు పై గదిలో ఎలకలు తలుపు గీకేవి. పగలూ రాత్రీ గీకేవి. అమ్మ ఎలకలే అంది. ఎలకలు కావు. వదిన నన్ను పేరుపెట్టి పిలిచింది. జిలాన్, కాసిని నీళ్ళు తెచ్చి తలుపు కిందనుంచి పోయమ్మా అంది. నాకు భయమేసింది. కిందికి పారిపోయాను. తర్వాత గీకడం ఆగిపోయింది."

గుయ్‌నియాంగ్ చేతిలో టీ గిన్నె ఉంది. అది కొంచెం కూడా కదలలేదు. "చిన్నదానివి కదమ్మా," అంది. జిలాన్ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. గుయ్‌నియాంగ్ దాని వీపు నిమిరింది.

బయటికి వచ్చాక నేను కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె అంది:

"అయితే అందరూ విన్నారన్నమాట. ఆ ఇంట్లో వినని చెవి లేదు."

"అది పసిపిల్లే అప్పుడు."

"నీళ్ళు మోయగలిగినంత పెద్దదే."

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఆమె పట్నంలో షియే వారి సంబంధం తెచ్చింది.

షియే పెద్దాయన ఒకప్పుడు పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. ఒక్కడే కొడుకు. చదువుకున్నవాడు, అందగాడు. ఆ ఇంటి ఆడవాళ్ళకు నేనూ దారాలు అమ్ముతాను. పెరట్లో ఆ కుర్రాడి చేతిరుమాళ్ళు మిగతా బట్టలతో కలపకుండా విడిగా ఉతికి ఆరేయడం చూశాను. ఎంత ఉతికినా పోని గోధుమరంగు మరకలున్నాయి వాటి మీద. వాడికి క్షయ. పెళ్ళి సందడితో జబ్బు పారిపోతుందని ఆ తల్లిదండ్రుల ఆశ. పోకపోతే, తోరణం ఉన్న ఇంటి పిల్ల అయితే ఇంకో పెళ్ళికి పోదని ధీమా.

చోంగ్లీ సంబంధం పేరు వినగానే ఉబ్బిపోయాడు. షియే వారిది పై అధికారులే గుమ్మంలోకొచ్చి పలకరించే ఇల్లు. తాన్ అమ్మగారు మాత్రం అడిగింది.

"పిల్లాడు ఆరోగ్యంగా ఉంటాడా?"

"బుగ్గలు చూస్తే దానిమ్మగింజలేనమ్మగారూ," అంది గుయ్‌నియాంగ్. "మీరే ఒకసారి తెర చాటునుంచి చూసుకోండి."

చూసుకున్నారు. నిజంగానే ఎర్రటి బుగ్గలు. క్షయ ఉన్నవాళ్ళకు అలాగే ఉంటాయి.

లగ్నం పెట్టుకున్నాక నేను ఆమె ఇంటికి వెళ్ళి తలుపు వేసి అడిగాను.

"వాడు ఏడాది బతకడు. నీకు తెలుసు."

"తెలుసు."

"వాడు పోతే షియే వారు ఆ పిల్లని ఏం చేస్తారో కూడా తెలుసు."

"అదీ తెలుసు."

"అది ఏం పాపం చేసిందే?"

"నా చెల్లెలు ఏం చేసింది? చెప్పత్తా, ఏం చేసిందో చెబితే ఈ సంబంధం ఇప్పుడే తప్పిస్తాను."

దారాల మూట ఎత్తుకుని లేచాను. ఏం చెప్పినా ఆమె వినే మనిషి కాదు.

లిచీ పండ్లు ఎరుపెక్కే రోజుల్లో జిలాన్ ఎర్ర పల్లకీలో వెళ్ళింది. మంచు కురిసే రోజులు వచ్చేసరికి విధవ అయింది.

శోకం తేరుకోకముందే షియే పెద్దాయన పట్నమంతా చాటించాడు. కోడలు భర్త వెంట పోతానని ప్రతిజ్ఞ చేసిందట. గదిలో దాక్కుని కాదు, పదిమంది చూస్తుండగా, ఏటి ఒడ్డున వేదిక కట్టించి, ఉరి వేసుకుని పోతుందట. మా తీరంలో అంతకు ముందూ అలా జరిగాయి. వేదిక ఎక్కిన ఆడదానికి అధికారులు కూడా వంగి దణ్ణం పెడతారు. పుట్టింటివాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేస్తారు.

జిలాన్ ఏ ప్రతిజ్ఞా చేయలేదని వేరే చెప్పక్కర్లేదు. అది గదిలో బందీగా ఉంది.

బైషా రేవులో జనం చోంగ్లీని అభినందించడానికి వరస కట్టారు. ఒకే ఇంట్లో కోడలూ కూతురూ ఇద్దరూ మహా పతివ్రతలే అన్నారు. ఈ తోరణం పక్కన ఇంకో తోరణం ఎంత బాగుంటుందో అన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని తల ఊపుతున్నాడు. కాదనడానికి నోరు లేదు. కాదంటే, కోడలు చచ్చినప్పుడు ఏమన్నావని అడుగుతారు.

గుయ్‌నియాంగ్ కూడా వెళ్ళింది. ఎర్ర కాగితంలో చుట్టిన మిఠాయిలు పట్టుకెళ్ళింది. ఆయన ముందు వంగి, అందరికీ వినపడేలా అంది:

"ఏడవకండి అయ్యగారూ. ఇది ఏడ్చే చావు కాదు. ఇలాంటి కూతుర్ని కన్నందుకు ఊరంతా మీకు దణ్ణం పెడుతుంది."

ఆయన తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆ మాటలు ఎవరివో ఆయనకు గుర్తొచ్చింది. చుట్టూ జనం ఉన్నారు. మిఠాయి పొట్లం రెండు చేతులా అందుకోక తప్పలేదు.

ఆ సాయంత్రమే తాన్ అమ్మగారు పల్లకీ లేకుండా, పనిమనిషి కూడా లేకుండా, చిన్ననాడే గుడ్డతో బిగించి కట్టిన ఆ చిన్న పాదాలతో గోడలు పట్టుకుంటూ గుయ్‌నియాంగ్ ఇంటికి వచ్చింది. నేను అక్కడే దారాలు చిక్కులు తీస్తున్నాను. ఆవిడ నన్ను చూసి ఆగింది.

"దారాలత్తని ఉండనీయండి," అంది గుయ్‌నియాంగ్. "ఇంకో చెవి వింటే మంచిదే."

తాన్ అమ్మగారు మట్టినేల మీద మోకాళ్ళ మీద కూలబడింది.

"సంబంధం నువ్వు తెచ్చావు. షియే వారితో నువ్వే మాట్లాడు. దానికి చావాలని లేదు. ఏ సన్యాసినుల మఠానికో పంపేయమను."

"ఏమని మాట్లాడను? తోరణమున్న ఇంటి పిల్లకి చావంటే భయమని చెప్పనా?"

ఆవిడ ఏడుస్తోంది. గుయ్‌నియాంగ్ ముక్కాలిపీట మీద కూర్చుని, ఆవిడ ఏడుపు ఆగేదాకా ఎదురుచూసింది. తర్వాత అడిగింది.

"తాళం ఎవరు వేశారు?"

ఆవిడ నడుముకున్న తాళాల గుత్తిని పిడికిట్లో పట్టుకుంది.

"నేనే," అంది చివరికి. "ఆయన వెయ్యమన్నారు. మధ్యలో ఒకసారి తియ్యబోయాను. చెయ్యి పట్టుకుని ఆపారు."

"నీళ్ళయినా ఇచ్చారా?"

"నీళ్ళిస్తే ఇంకా ఆలస్యమవుతుందన్నారు."

గుయ్‌నియాంగ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మాకు వీపు పెట్టి నిలబడింది. మళ్ళీ తిరిగినప్పుడు ఆమె మొహం మామూలుగానే ఉంది.

"వేదిక దగ్గరికి జిల్లా అధికారి వస్తాడు. ఆయన ముందు ఈ మాట చెప్పండి. షియే వారి అర్జీ అంతా మీ తోరణం మీదే నడుస్తుంది. అది దొంగదని తేలితే మీ అమ్మాయి చావు వాళ్ళకి ఎందుకూ పనికిరాదు. పనికిరాకపోతే వాళ్ళే బయటికి తోసేస్తారు."

"ఆయన తల తీసేస్తారు. చక్రవర్తిని మోసం చేసినట్టే కదా. నన్ను..."

"మిమ్మల్ని కూడా."

"ఇంకో దారి లేదా?"

"నా చెల్లెలికి ఏ దారి వదిలారు మీరు? వెళ్ళండి. నాకు వంట పని ఉంది."

వేదిక రోజు ఎండ బాగా కాసింది. ఏటి ఒడ్డున ఇసుక వేస్తే రాలనంత జనం. నత్తల గారెలు వేయించి అమ్మేవాళ్ళు, వేరుశనక్కాయలవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న మగవాళ్ళు. కొయ్య వేదిక మీద రెండు గుంజలు, పైన అడ్డుకర్ర, దానికి తెల్లటి పట్టుగుడ్డ ఉచ్చు. జిలాన్‌కు పెళ్ళిబట్టలు కట్టి, మొహానికి దట్టంగా పొడి పూశారు. చెరో చేతినీ ఒక ఆడది గట్టిగా పట్టుకుంది. చూసేవాళ్ళకు ఆసరా ఇస్తున్నట్టుంటుంది.

షియే పెద్దలు వంగి దణ్ణం పెట్టారు. జిల్లా అధికారి దణ్ణం పెట్టాడు. అప్పుడు కన్నతండ్రి వంతు వచ్చింది. చోంగ్లీ మెట్లెక్కి కూతురి ఎదురుగా నిలబడ్డాడు.

"నాన్నా," అంది జిలాన్.

గట్టిగా అనలేదు. వేదిక కిందే ఉన్నాం కాబట్టి మాకు వినిపించింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను గుయ్‌నియాంగ్ చెయ్యి పట్టుకున్నాను. అది రాయిలా ఉంది. ఈయన నోరు విప్పుతాడని నాకు అనిపించింది.

ఆయన వంగి కూతురికి దణ్ణం పెట్టాడు. పెట్టి కిందికి దిగిపోయాడు.

తర్వాత తాన్ అమ్మగారు ఎక్కింది. దణ్ణం పెట్టలేదు. నడుముకున్న తాళాల గుత్తి విప్పి వేదిక మీద పడేసింది. జనం వైపు తిరిగింది. జీవితంలో నలుగురి ముందు గొంతెత్తని మనిషి. మొదటి మాటలు ఎవరికీ వినపడలేదు. అధికారి దగ్గరికి రమ్మన్నాడు. ఆవిడ అక్కడే నిలబడి, ఈసారి గట్టిగా చెప్పింది.

"మా కోడలు తనంతట తను చావలేదు. మా ఆయన చెబితే నేను గదికి తాళం వేశాను. అన్నం పెట్టలేదు, నీళ్ళివ్వలేదు. తలుపు కొట్టింది, గీకింది. మేం తియ్యలేదు. ఆ తలుపు ఇప్పటికీ ఉంది. లోపలివైపు గీతలు కనపడకుండా రంగు వేయించాం. వెళ్ళి రంగు గీకి చూడండి."

షియే పెద్దాయన, "పిచ్చిదాన్ని దింపండి," అని అరిచాడు. చోంగ్లీ అధికారి కాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు.

"నా భార్యకి కూతురి మీద బెంగతో మతి పోయింది బాబూ. ఆడదాని మాట పట్టించుకోకండి."

అప్పుడు వేదిక మీదనుంచి జిలాన్ అంది: "నేను కూడా విన్నాను. ఎలకలని చెప్పారు. ఎలకలు కావు. మా వదిన నీళ్ళడిగింది."

జనంలో కలకలం రేగింది. గుయ్‌నియాంగ్ నా చెయ్యి విడిపించుకుని, మనుషుల్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళి అధికారి ఎదుట మోకరిల్లింది.

"నేను చచ్చిపోయిన పిల్లకి అక్కని. పేటిక మూయకముందు దాని చేతులు చూశాను. గోళ్ళలో చెక్క పేళ్ళున్నాయి. ఈ దారాలత్త కూడా చూసింది."

నేనూ వెళ్ళి మోకరిల్లి చూశానని చెప్పాను. అక్కడ అంతమంది సాక్షులుండగా ఇక కప్పిపెట్టడం అధికారికి చేతకాదు. కప్పిపెడితే తన పదవే పోతుంది. అప్పటికప్పుడే మనుషుల్ని ఫేయ్ వారింటికి పంపాడు. పైగది తలుపు ఊడబీకి పడవలో తెచ్చారు. రంగు గీకారు. కిందనుంచి, ఒక ఆడది కూర్చుంటే చెయ్యి అందేంత ఎత్తుదాకా, గీతలే గీతలు.

చోంగ్లీ మెడకు నేరస్తులకు వేసే బొండకొయ్య తగిలించి తీసుకెళ్తుంటే గుయ్‌నియాంగ్ ఆయన దారికి అడ్డంగా నిలబడింది. భటులు ఆమెను తోసేయలేదు.

"సంబంధం తెచ్చినప్పుడే నీకు తెలుసు కదూ?" అన్నాడాయన.

"తెలుసు. ఇన్నేళ్ళూ తోరణం కింద అగరొత్తులు వెలిగించింది దాని కోసమనుకున్నారా? మీ కోసం. మీరు ఆరోగ్యంగా ఉండాలని, ఈ రోజు దాకా చావకూడదని."

భటులు ఆయన్ని లాక్కుపోయారు. గుయ్‌నియాంగ్ అక్కడే ఏటి ఒడ్డున కొట్టు దగ్గర కూర్చుని ఒక పెద్ద గిన్నెడు బియ్యపు సేమ్యా పులుసుతో తిన్నది. చెల్లెలు పోయినప్పటినుంచీ పిట్టలా తినే మనిషి. ఇంకో గిన్నె పెట్టించుకుంది. అదీ తిన్నది.

చోంగ్లీకి ఉత్తర సరిహద్దుకు దేశాంతరవాసం పడింది. అక్కడిదాకా నడవలేక దారిలోనే పోయాడని విన్నాం. తాన్ అమ్మగారు కచేరీ చెరసాలలో జబ్బు చేసి పోయింది. దేకుయ్ పంతులు ఉద్యోగం ఊడింది, చెల్లెలి గుమ్మం ముందు నిలబడి బూతులు తిట్టి వెళ్ళాడు. తోరణాన్ని గేదెలతో లాగించి పడగొట్టారు. రాళ్ళు కొట్టేవాళ్ళకు గుయ్‌నియాంగ్ ఎర్రబియ్యం సారా పంపింది, పని అయ్యేదాకా ఎండలో నిలబడి చూసింది.

ఇక జిలాన్ సంగతి. వేదిక దిగిన మర్నాడే షియే వారు దాన్ని పెరటి గుమ్మంలోంచి బయటికి పంపేశారు. నగలు తీసుకున్నారు, కట్టుబట్టలు మాత్రం ఉంచారు. గుయ్‌నియాంగ్ పల్లకీ కుదుర్చుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొహాన పూసిన పొడి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఎక్కమ్మా. మా ఇంటికి పోదాం," అంది గుయ్‌నియాంగ్.

జిలాన్ కదల్లేదు. పల్లకీ వైపు కూడా చూడలేదు.

"పిన్నీ, ఒకటి అడుగుతాను. ఆయనకి జబ్బుందని మీకు ముందే తెలుసా?"

అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను. ఆమెకు అబద్ధాలాడటం ఎంత తేలికో నాకు తెలుసు.

"తెలుసు," అంది గుయ్‌నియాంగ్.

"మా అమ్మ వేదికెక్కకపోతే? ఆవిడా దణ్ణం పెట్టి దిగిపోయి ఉంటే? అప్పుడు మీరు చెప్పేవారా? చెక్క పేళ్ళు చూశానని, అప్పుడైనా చెప్పేవారా?"

గుయ్‌నియాంగ్ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, మొహంలో కనపడింది.

"లేదు," అంది. "నిలబడి చూసేదాన్ని."

జిలాన్ తల ఊపింది. ఏడవలేదు. గోడ వదిలి, ఆ కట్టిన పాదాలతో తడబడుతూ పల్లకీని దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, మీ ఇంట్లో చోటుందా?"

ఉందన్నాను. మేమిద్దరం నడిచి రేవు దాకా వెళ్ళాం. మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నామో. వెనక ఖాళీ పల్లకీ, దాని పక్కన గుయ్‌నియాంగ్ చాలా దూరం వచ్చారు. తర్వాత ఆగిపోయారు.

ఆ పిల్ల నా దగ్గరే ఉండిపోయింది. కుట్టుపని బాగా వచ్చు కాబట్టి ఇద్దరి పొట్టా గడిచింది. కొన్నేళ్ళకు ఒక ఉప్పు పడవవాడిని తనే చూసి చేసుకుంది. గుయ్‌నియాంగ్ ఎదురైతే మాత్రం ఆగి, ఆమె దాటి వెళ్ళేదాకా గోడకేసి తిరిగి నిలబడేది. వీధిలో జనం చూసినా సరే.

ఒక చలికాలం గుయ్‌నియాంగ్ నా చేత మంచి దూది బొంత పంపింది. తనే కూర్చుని కుట్టింది. జిలాన్ విప్పి చూసింది, చేత్తో తడిమింది, మళ్ళీ మడిచి తీసుకెళ్ళి వంతెన కింద బిచ్చగత్తెకు ఇచ్చి వచ్చింది. నేను వెళ్ళి ఆ సంగతి చెప్పాను. బాధపడుతుందనుకున్నాను. గుయ్‌నియాంగ్ పొయ్యి ముందు కూర్చుని వింది, నవ్వింది.

"నిలుపుకోనీ అత్తా, కోపం నిలుపుకోనీ. మా షుచెన్‌కి పొద్దున కోపమొస్తే సాయంత్రానికి పోయేది," అంది. కాసేపయ్యాక, "ఆ బిచ్చగత్తె ఎవరు, ముసలిదేనా?" అని అడిగింది.

ముసలిదేనన్నాను.

"అయితే సరే, చలికి పనికొస్తుంది," అని పొయ్యిలో కట్టె ఎగదోసింది.